ఊపిరితిత్తుల పటము – మచ్చల తీరు

పొల్లాచ్చి సీమ తెలుగువారిలో కొబ్బరితోటలను, పీచుమిల్లులను నమ్ముకొన్నవారు కలరు. పొడిదగ్గు, ఆయాసము నెలల తరబడి తగ్గనిచో క్షయయని తలచుట పరిపాటి. కాని గాలిగదుల నడిమి పలుచని పొరలు వాచి మచ్చగట్టు వ్యాధులును అట్లే కనబడును.

ఎక్స్-రే పటమున ఇవి తొలిదశలో తేలకపోవచ్చును. రొమ్మును సుమారు మిల్లీమీటరు మందపు పొరలుగా చూపు సీ.టీ. పటము వీని తీరును తేటపరచును. మచ్చ ఎచట నున్నది, ఏ రూపున నున్నది యనునవే ముఖ్యప్రశ్నలు. ఊపిరితిత్తుల అడుగున, అంచులవెంట తేనెపట్టువలె గుల్లలు వరుసదీరినచో అది మానని మచ్చకు గుర్తు. అద్దముపై ఆవిరి పట్టినట్లు తెల్లదనమును, గాలి చిక్కిన నల్లని తావులును కలగలసినచో, పీల్చిన బూజుగాని పావురపు రెట్టపొడిగాని సరిపడక కలిగిన వాపు కావచ్చును. పైభాగమున చిరుబుడిపెలు రాతిధూళివలన కలుగవచ్చును. క్షయయు తరచుగా నచటనే యుండును గనుక కఫపరీక్ష తప్పదు.

2017లో ప్రకటితమైన భారతదేశపు రోగుల నమోదులో 1,084 మందికిగాను 47 శాతము ఇట్లు పీల్చినది సరిపడక రోగులైనవారే.

కావున పటమొక్కటియే చాలదు. రోగి తన పనిని, ఇంటి పరిసరములను వైద్యునకు దాచక తెలుపవలెను. కారణమును సకాలమున తొలగించినచో వాపు తగ్గవచ్చును. మచ్చగట్టిన భాగము మాత్రము పూర్వస్థితికి రాదు.