తగలకుండానే చచ్చిపోతోందేమే?

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి సంక్రాంతి సెలవులకు విజయవాడ నుంచి కూచిపూడి వచ్చింది. వచ్చింది మొదలు ల్యాప్‌టాప్ ముందే మకాం. బ్యాంకు పరీక్షకు చదువుతోంది కాబోలనుకుని కాఫీలందించాను. తీరా చూద్దును కదా, తెర నిండా బొమ్మలు! "ఆటలాడుతున్నావటే?" అని కసిరాను. "ఆడటం లేదమ్మా, తయారు చేస్తున్నా" అంది.

వీటిని 'బుల్లెట్ హెల్' ఆటలంటారట. జపానువాళ్ళ మాటలో 'దన్మాకు', అంటే తూటాల తెర. కాల్చడం కన్నా తప్పించుకోవడమే ఇందులో గొప్ప. 'తోహో' అనే ఆటల వరుసకు వీటిలో పెద్ద పేరు. 1996లో జూన్‌యా ఓటా అనే కాలేజీ కుర్రాడు మొదలుపెట్టాడు. ప్రోగ్రాము, బొమ్మలు, సంగీతం అన్నీ తనే. నిజం చెప్పొద్దూ, ఆ బొమ్మలు నా కంటికి ఏమంత ముద్దుగా లేవు! అయినా జనం పడిచచ్చారు. అభిమానులు ఆ పాత్రలతో సొంత ఆటలు చేసుకోవడానికి కొన్ని షరతుల మీద ఆయన ఒప్పుకున్నాడు. పాత్రలు దాదాపు అందరూ ఆడపిల్లలే. మన ఊళ్ళో ఒకప్పుడు సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టేవారని గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఆ ఆటలో రేము అనే గుడి పూజారిణి ఉంది. మా అమ్మాయి ఆ పిల్లకు పూలజడ వేసి, ఇత్తడి పళ్ళెం మీద నిలబెట్టింది. మీద పడేవి తూటాలు కావు, కనకాంబరాలు. తాళం ఫోనులో రికార్డు చేసింది, అది ఆటతో కలవదు. రెండో అంకంలో ఆట ఉన్నట్టుండి ఆగిపోతుంది. స్నేహితురాళ్ళు చూసి నవ్వారట. ఆ రాత్రి "అంతా చెరిపేస్తానమ్మా, బ్యాంకు పుస్తకాలే చదువుకుంటా" అంది.

నాకు కావలసిందీ అదే కదా! కానీ మనసొప్పలేదు. ఎనిమిదేళ్ళు నాట్యం నేర్చుకుని, అరంగేట్రానికి ముందు మానేసినదాన్ని నేను. "చెరిపే ముందు నన్నొకసారి ఆడనీ" అన్నాను.

నిమిషంలో ఓడిపోయాను. పదిసార్లు ఆడాక తెలిసింది, పూలు ఇష్టమొచ్చినట్టు రావు. జతుల్లా లెక్కగా వస్తాయి. లెక్క దొరికితే ఖాళీ ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది. అయినా పువ్వు జడ పక్కనుంచి పోతే చాలు, ఆట అయిపోతోంది. "తగలకుండానే చచ్చిపోతోందేమే?" అన్నాను.

అమ్మాయి గబుక్కున లేచి కూర్చుంది. అసలు ఆటలో బొమ్మంతా లెక్క కాదట. నడుమ చిన్న చుక్క ఉంటుంది, దానికి తగిలితేనే దెబ్బ. షిఫ్టు మీట నొక్కి పట్టుకుంటే బొమ్మ నెమ్మదిస్తుంది, చుక్క కనబడుతుంది. మా అమ్మాయి జడతో సహా మొత్తం బొమ్మను లెక్కలో పెట్టేసింది! "తరంగంలో మాత్రం? ఒళ్ళంతా ఆడుతున్నా ప్రాణమంతా పళ్ళెం అంచు మీదేగా" అన్నాను.

అప్పటికప్పుడు కూర్చుని చుక్క పెట్టింది. ఈసారి పూల సందుల్లోంచి మొదటి అంకం దాటేశాను. వాళ్ళ నాన్నగారు లేచొచ్చి "అర్ధరాత్రి ఏమిటిది?" అంటే "సాధన" అన్నాను.

రెండో అంకంలో ఆట ఇంకా ఆగిపోతూనే ఉంది. బ్యాంకు పరీక్షకు ఫీజు మాత్రం కట్టేసింది.