ద గ్రేట్ గ్యాట్స్‌బీ: అంత డబ్బుండి కూడా ఎందుకు ఓడిపోయాడు?

చేతిలో గ్లాసు, వెనకాల పేలుతున్న టపాసులు, నవ్వుతున్న లియోనార్డో డికాప్రియో... ఈ మీమ్ మీ వాట్సాప్‌కి ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. ఆ క్యారెక్టర్ పేరే గ్యాట్స్‌బీ. 2013లో వచ్చిన సినిమా అది. మన అమితాబ్ బచ్చన్ కూడా అందులో చిన్న రోల్ చేశారు. దానికి మూలం స్కాట్ ఫిట్జెరాల్డ్ నవల, 1925లో వచ్చింది. ఎండింగ్ కూడా చెప్పేస్తా, వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆపేయండి.

కథ జరిగేది 1922 వేసవిలో, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో. గ్యాట్స్‌బీ చేతిలో పైసా లేనప్పుడు ప్రేమించిన డైసీ, టామ్ అనే కోటీశ్వరుణ్ని పెళ్లి చేసుకుంది. అప్పట్లో అమెరికాలో మద్యనిషేధం. ఇతను మందుల షాపుల ముసుగులో దొంగసారా అమ్మి సంపాదించి, సరిగ్గా ఆమె ఇంటికి ఎదురుగా, నీళ్లకి ఇవతలి ఒడ్డున పెద్ద మేడ కొన్నాడు. ఇదంతా మనకి చెప్పేది పక్కింటి నిక్.

ఫస్ట్ టైమ్ చదివినప్పుడు నేను లవ్ స్టోరీ అనుకున్నా. రెండోసారి చదివితే అడ్రస్‌ల కథ అనిపించింది. ఇటు వెస్ట్ ఎగ్, కొత్తగా సంపాదించినవాళ్లది. అటు ఈస్ట్ ఎగ్, తాతల నాటి ఆస్తులున్నవాళ్లది. నిక్ ఇంటి అద్దె నెలకి 80 డాలర్లు. పెళ్లికి ముందు రోజు టామ్ డైసీకిచ్చిన ముత్యాల హారం 3,50,000 డాలర్లు. కోడింగ్ మానేసినా లెక్కల పిచ్చి పోలేదు, కాలిక్యులేటర్ తీశా: 364 ఏళ్ల అద్దె!

గ్యాట్స్‌బీ లైబ్రరీ సీన్ నాకు చాలా ఇష్టం. పార్టీకొచ్చిన ఒక కళ్లజోడు పెద్దమనిషి, పుస్తకాలు అట్టపెట్టెలేమో అనుకుని తీసి చూస్తాడు. నిజమైనవే! కానీ పేజీల అంచులు కత్తిరించలేదు. అప్పట్లో కొన్ని పుస్తకాల్లో పేజీలు అతుక్కునే వచ్చేవి, చాకుతో కోసుకుని చదవాలి. అంటే కొన్నాడు, చదవలేదు.

డైసీ ఇంటి రేవులో వెలిగే పచ్చ లైటు గురించి అందరూ చెప్తారు. అతని ఆశ అది. డైసీ పక్కనే నిలబడ్డాక మళ్లీ మామూలు లైటే.

నన్ను ఎక్కువ పట్టేసింది బూడిద లోయ. ఇది ఊహ కాదండీ, క్వీన్స్‌లో నిజంగానే బొగ్గు బూడిద పోసే డంప్ ఉండేది. ఇప్పుడు యూఎస్ ఓపెన్ టెన్నిస్ జరిగే పార్క్ అక్కడే ఉంది. నవలలో ఆ బూడిద మధ్య విల్సన్ గ్యారేజీ. అతని భార్య మర్టిల్‌తో టామ్‌కి ఎఫైర్. పైన ఎవరో కళ్ల డాక్టర్ పాత హోర్డింగ్, రెండు పెద్ద కళ్లు. భార్య పోయిన రాత్రి విల్సన్ వాటినే చూస్తూ దేవుడు అంతా చూస్తున్నాడంటాడు. పక్కవాడు, అది అడ్వర్టైజ్‌మెంట్ అని చెప్తాడు.

మర్టిల్‌ని గుద్దింది గ్యాట్స్‌బీ పసుపు కారు, నడిపింది డైసీ. నేరం తన మీద వేసుకోవడానికి గ్యాట్స్‌బీ రెడీ అయ్యాడు. కారు ఎవరిదో టామ్ చెప్పాడు. విల్సన్ వచ్చి గ్యాట్స్‌బీని కాల్చి, తనూ కాల్చుకున్నాడు. చనిపోయిన ముగ్గురిలో ఒక్కరిదీ ఈస్ట్ ఎగ్ కాదు. టామ్, డైసీ సామాను సర్దుకుని ఊరొదిలి వెళ్లిపోయారు.

పార్టీలకి వందల మంది వచ్చిన ఆ మనిషి అంత్యక్రియలకి తండ్రి, నిక్, కొందరు పనివాళ్లు, పోస్ట్‌మ్యాన్ వచ్చారు. ఆలస్యంగా, వర్షంలో, ఆ లైబ్రరీలోని కళ్లజోడు పెద్దమనిషి కూడా. డైసీ నుంచి ఒక్క పువ్వు కూడా రాలేదు.