నీటిమీద ఆకులా వాలే గాలం

బాలలూ! మన శ్రీరాంపూర్‌కు గోదావరి ఎంతో దూరం లేదు. సెలవునాడు పెద్దలతో కలిసి ఏటి ఒడ్డుకు వెళితే, గాలపు కర్ర పట్టుకుని నోరు మెదపకుండా కూర్చున్నవారు మీకు కనిపిస్తారు. ఈసారి చూసినప్పుడు వారి ముఖం కాదు, వారి దారం చూడండి. అనుభవం ఉన్నవాడు కర్ర దగ్గర లావు దారం వాడినా, గాలం దగ్గరికి వచ్చేసరికి సన్నని దారం ముడివేసుకుంటాడు. లావు దారమే గట్టిది గదా, చివరిదాకా అదే ఎందుకు ఉంచకూడదు? రెండు దారాలు కలిపితే మధ్యలో ఒక ముడి వస్తుంది. ముడి ఉన్నచోట తెగే భయమూ ఉంటుంది. అయినా ఆ శ్రమ ఎందుకు పడుతున్నాడు?

దీనికి జవాబు చేప దగ్గర ఉన్నది.

చేప మూగజీవమే కాని తెలివితక్కువది కాదు. దాని ఒంటిమీద రెండు పక్కలా తలనుంచి తోకదాకా ఒక గీత ఉంటుంది. వంటింట్లోకి చేప వచ్చినప్పుడు పరీక్షగా చూస్తే చాలా చేపల్లో అది మీకే కనిపిస్తుంది. నీటిలో పుట్టే చిన్న కదలికను కూడా చేప ఆ గీతతో పసికడుతుంది. బరువైన దారం నీటిమీద చప్పున పడితే ఆ అదురు దానికి వెంటనే తెలిసిపోతుంది.

ఇక చూపు సంగతి. నీటిలోనుంచి పైకి చూసే చేపకు ఆకాశమంతా ఒక గుండ్రటి కిటికీలోనుంచి చూసినట్టు కనిపిస్తుంది. గాలిలోనుంచి నీటిలోకి దిగేటప్పుడు వెలుగు వంగటమే దీనికి కారణం. ఒక మీటరు లోతున ఉన్న చేపకు ఆ కిటికీ సుమారు రెండుంబావు మీటర్ల వెడల్పు ఉంటుంది. కిటికీ అవతలి నీటి పైభాగం దానికి అద్దంలా మెరుస్తుంది. ఆ అద్దం మీద లావు దారం పడితే గీత గీసినట్టు కనిపిస్తుంది. సన్న దారమైతే అంతగా కనిపించదు. అందుచేత చేపకు దగ్గరగా ఉండే దారం సన్నగానూ, తేలికగానూ ఉండాలి.

బొమ్మపురుగు వేట

ఈ కిటుకును పరాకాష్ఠకు తీసుకువెళ్లిన విద్య ఒకటి ఉన్నది. అదే ఫ్లై ఫిషింగ్. ఇందులో ఎర్రలు, పిండి ఎరగా వాడరు. చిన్న గాలానికి ఈకలూ, బొచ్చూ, దారమూ చుట్టి, నీటిమీద వాలే పురుగులాంటి బొమ్మను తయారుచేస్తారు. పైకి లేచి పురుగులను తినే చేప దానిని నిజమైన పురుగు అనుకుని అందుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మామూలు గాలానికి సీసపు గుండు కట్టి విసరవచ్చు. గుండు ముందు పోతుంది, దారం దాని వెంట పోతుంది. బొమ్మపురుగుకు బరువే లేదు. ఈకను దూరంగా విసరగలరా? ఎంత బలంగా విసిరినా మీ కాళ్ల దగ్గరే పడుతుంది. అందుకని ఈ విద్యలో దారాన్నే బరువుగా చేస్తారు. అల్లిన దారం మీద ప్లాస్టిక్ పూత పూసి, చివర కూడా సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉండేట్టు తయారుచేస్తారు. కర్రను వెనక్కూ ముందుకూ ఊపితే ఈ దారమే గాలిలో మెలిక తిరిగి ముందుకు సాగి, బొమ్మపురుగును తనతో తీసుకుపోతుంది.

కాని అంత లావు దారానికి నేరుగా బొమ్మపురుగును కడితే రెండూ కలిసి చేప నెత్తిన దబ్బున పడతాయి. అందుచేత రెంటికీ నడుమ సుమారు 9 అడుగుల నైలాను దారం కలుపుతారు. దీనికి లీడర్ అని పేరు. మనం కొసదారం అందాం.

పోతరాజు కొరడా చెప్పే పాఠం

బోనాల పండుగలో పోతరాజు ఝళిపించే కొరడాను మీలో చాలామంది చూసి ఉంటారు. అది పిడి దగ్గర లావుగా ఉండి, కొసకు పోనుపోను సన్నమవుతుంది. చేతి ఊపు లావు భాగంలోనుంచి సన్న భాగంలోకి పోతూ ఉంటే, కదపవలసిన బరువు తగ్గిపోతుంది గనక వేగం పెరుగుతుంది. గట్టిగా ఝళిపించిన కొరడా కొస ధ్వనికంటే వేగంగా, అంటే సెకనుకు 340 మీటర్లకు మించి పోగలదు. మనం వినే ఛెళ్లుమనే చప్పుడు దానివల్ల పుట్టేదే.

కొసదారం కూడా ఈ కొరడా లాంటిదే. మొదట్లో లావుగా ఉండి క్రమంగా సన్నబడుతుంది. అయితే ఇక్కడ మనకు కావలసినది చప్పుడు కాదు, నిశ్శబ్దం. అందుకని ఊపు మెత్తగా ఉండాలి. ఊపు మెల్లగా కొసకు చేరేసరికి గాలి ఆ తేలిక దారాన్ని ఆపుతుంది. అప్పుడు బొమ్మపురుగు చెట్టునుంచి రాలిన ఆకులా నీటిమీద వాలుతుంది.

ఒక్కసారిగా లావునుంచి సన్నానికి దూకితే ఏమవుతుంది? ఊపు ముడి దగ్గరే ఆగిపోతుంది. సన్నదారం ముందుకు సాగక, ముడి దగ్గర తలుపు బందులా మడిచి కుప్పగా పడుతుంది. అందుకే సన్నబడటం మెట్లుమెట్లుగా జరగాలి.

ఇక్కడ కొంచెం లెక్క ఉన్నది, భయపడకండి. కొసదారం మొదలు సాధారణంగా అంగుళంలో వెయ్యింట 21 వంతుల మందం, అంటే అర మిల్లీమీటరు ఉంటుంది. చివరి ముక్కకు ఎక్స్ అంకెలు వేస్తారు. ఆ అంకెను 11లోనుంచి తీసివేస్తే, అంగుళంలో వెయ్యింట ఎన్ని వంతుల మందమో వస్తుంది. 5 ఎక్స్ దారమైతే 11లో 5 పోగా 6. అంటే వెయ్యింట 6 వంతులు, 0.15 మిల్లీమీటరు. 21ని 6తో భాగిస్తే మూడున్నర. మందం మూడున్నర రెట్లు తగ్గితే బరువు కూడా అంతే తగ్గుతుందనుకుంటున్నారా? కాదు. మూడున్నరను మూడున్నరతో హెచ్చవేయండి. బరువు 12 రెట్లు తగ్గింది!

మేకు ముడి

ఇప్పుడు అసలు పని. లావు దారానికి కొసదారాన్ని కలపటం ఎట్లా? ఇందుకు వాడే ముడికి మేకు ముడి అని పేరు. పూర్వం మేకును ఆసరాగా పెట్టి వేసేవారు. సన్న గొట్టం ఉంటే ఇంకా సులువు. మీరు గాలం లేకుండానే ఇంట్లో నేర్చుకోవచ్చు. లావైన నూలు తాడు ఒక మూర, దానికంటే సన్నని గట్టి దారం రెండు మూరలు, శీతలపానీయం తాగే గొట్టం ముక్క రెండంగుళాలు తెచ్చుకోండి.

మొదట లావు తాడు కొస కుడివైపు ఉండేట్టు పట్టుకోండి. గొట్టం ముక్కను ఆ కొస పక్కనే ఆనించండి. రెండవది, సన్నదారాన్ని కుడివైపునుంచి తెచ్చి వాటి పక్కన చేర్చండి. దాని కొస ఎడమవైపు ఒక జానెడు మిగలాలి. మూడవది, ఆ మిగిలిన కొసను వెనక్కు మడిచి, తాడునూ, గొట్టాన్నీ, తన సొంత దారాన్నీ కలిపి కుడివైపుకు చుట్టుకుంటూ రండి. చుట్టు పక్కన చుట్టు చేరాలి, ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు. ఆరు చుట్లు చాలు. నాలుగవది, కొసను గొట్టం కుడి మూతిలో దూర్చి ఎడమవైపు పైకి తీయండి. అయిదవది, చుట్లను వేళ్లతో అదిమిపట్టి గొట్టాన్ని ఎడమవైపుకు మెల్లగా లాగివేయండి. ఆఖరున ముడిని తడిపి, సన్నదారం రెండు కొసలనూ రెండు వైపులకు లాగండి. చుట్లు ఒకదానికొకటి అతుక్కుని తాడును కరిచిపట్టుకుంటాయి. మిగిలిన కొసలు కత్తిరించండి.

ఇప్పుడు దాన్ని వేళ్ల సందున జరిపి చూడండి. పెద్ద బుడిపె లేదు. కర్రకు ఉండే ఉంగరాలలోనుంచి ఇది తట్టుకోకుండా జారిపోతుంది.

ముడిని తడపమన్నది ఎందుకు? నైలాను చుట్లు పొడిగా రాసుకుంటే వేడి పుడుతుంది, ఆ వేడికి దారం బలం తగ్గుతుంది. పడవ తాడును గుంజకు రెండు మూడు చుట్లు చుట్టి, ఒక్క చేత్తో పడవను ఆపేవారిని చూశారా? చుట్టిన తాడు ఒరిపిడివల్ల పట్టు కూడికలా కాక హెచ్చవేతలా పెరుగుతుంది. ఒరిపిడి గుణకం 0.3 అనుకుంటే ఒక చుట్టుకు సుమారు 6.6 రెట్లు, రెండు చుట్లకు 43 రెట్లు! లెనార్డ్ ఆయిలర్ అనే గణితవేత్త పేరున ఈ సూత్రం ప్రసిద్ధమైనది. మేకు ముడి బలం కూడా ఈ ఒరిపిడిలోనే ఉన్నది.

మరొక పద్ధతి ఉన్నది. లావు దారం చివర ఒక ఉచ్చు, కొసదారం మొదట ఒక ఉచ్చు ఉంటాయి. కొసదారపు ఉచ్చును లావు దారపు ఉచ్చుమీదుగా తొడిగి, కొసదారం రెండవ చివరను లావు ఉచ్చులోనుంచి దూర్చి లాగితే రెండూ కలిసిపోతాయి. ఇద్దరు మిత్రులు చేతులు కలుపుకున్నట్టు, రెండు ఉచ్చులూ సమంగా కనిపించాలి. ఒకటి రెండవదాని మెడను పిసికినట్టు ఉంటే తప్పు జరిగినట్టే. విప్పి మళ్లీ చేయండి.

ఎక్కడ తెగాలి?

మీ నాన్నగారో బాబాయిగారో గనిలో పనిచేస్తున్నట్టయితే ఒక మాట అడిగి చూడండి. బొగ్గు టబ్బులను లాగే ఇనుప తాడును తనిఖీ చేసేవారు తాడుతోపాటు దాని అతుకులనూ, టబ్బుకు తగిలించే చోటునూ ఎందుకు అంత శ్రద్ధగా చూస్తారు? కలిపినచోటు చెడితే తాడు ఎంత గట్టిదైనా లాభం లేదు.

గాలానికీ అదే న్యాయం. పైనున్న ముడి తెగితే చేప నోట గాలంతోపాటు 9 అడుగుల దారమూ ఈడ్చుకుపోతుంది. అది రాళ్లకో, నాచుకో చుట్టుకుంటే చేప కదలలేక చచ్చిపోతుంది. తెగటమే తప్పకపోతే గాలానికి దగ్గరగా, సన్నని చోటనే తెగాలి. మన ఇళ్లలో కరెంటు ఎక్కువైతే ముందు ఫ్యూజు పోయి తక్కినవాటిని కాపాడుతుంది గదా! సన్న కొస అటువంటి ఫ్యూజు. అందుకే మంచి వేటగాడు గాలం వేసేముందు ప్రతి ముడినీ లాగి చూస్తాడు. తన చేతిలో జారిన ముడిని చేప మీద ప్రయోగించడు.

పాతకాలపు ముచ్చట

గాలపు వేట మన దేశానికి కొత్త కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో మానసోల్లాసమనే గ్రంథం కూర్చాడు. అందులో మత్స్యవినోదమని చేపలవేటకు ఒక భాగమే ఉన్నది. మన కాకతీయులు ఒకప్పుడు ఆ చాళుక్యులకు సామంతులే. ఇంగ్లండులో 1496లో అచ్చయిన గాలపు వేట గ్రంథంలో గుర్రపు వెంట్రుకల దారాల సంగతి ఉన్నది. బుల్లి చేపకు ఒక్క వెంట్రుక, సాల్మన్ చేపకు 15 వెంట్రుకలు అని లెక్క చెప్పారు. ఆ తరువాతి కాలంలో పట్టుపురుగు కడుపులోని పట్టు గ్రంథిని సాగదీసి కొసదారాలు చేసేవారు. 1935లో అమెరికాలో వాలెస్ కెరోథర్స్ నైలాను కనిపెట్టినాక ఆ పని తప్పింది.

చివరగా కొన్ని హెచ్చరికలు. విసరటం నేర్చుకునేవారు బడి మైదానంలో, గాలం బదులు ఉన్ని కుచ్చు కట్టి నేర్చుకోవాలి. నీటికి గురిపెట్టక, నీటికి ఒక గజం పైన గాలిలో గురిపెట్టండి. అప్పుడు కుచ్చు తనంతట తాను వాలుతుంది. కరెంటు తీగల కింద గాలపు కర్ర ఎత్తకండి. ఓపెన్‌కాస్టు గోతులలో నిలిచిన నీటి దగ్గరికి అసలే పోవద్దు. వాటి గట్లు నిటారుగా ఉంటాయి, లోతు పైకి తెలియదు. ఎల్లంపల్లి గేట్లు ఎత్తినప్పుడు దిగువన గోదావరి గబగబా పెరుగుతుంది. అందుచేత పెద్దలు తోడు లేనిదే ఏటికి వెళ్లకండి. తల్లిదండ్రులు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తెగిన నైలాను ముక్కను ఒడ్డున పారవేయవద్దు. అది ఏళ్ల తరబడి కుళ్లదు. కొంగ కాలికి చుట్టుకుంటే ఆ పక్షి విప్పుకోలేదు. చిన్న ముక్కలుగా కత్తిరించి ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి.

ఈ రాత్రి పాఠాలు చదవటం అయినాక రెండు దారాలు తీసుకుని మేకు ముడి వేసి చూడండి. మొదటిసారి జారిపోతుంది. నాలుగోసారికి నిలుస్తుంది. నిలిచిన ముడిని మీ తమ్ముడికో చెల్లెలికో ఇచ్చి లాగమనండి!