మెంతుల వాసన, కర్పూరం ఘాటు: ఫ్రెంచి వైట్ వైన్ వింతలు

2018 మే నెలలో ఫ్రాన్స్‌లోని లోన్-ల-సోనియే పట్టణంలో ఒక వైన్ సీసాను వేలం వేస్తే పాట 1,03,700 యూరోల దాకా వెళ్లింది. జూరా కొండసీమలో పండే సవాన్యా అనే తెల్ల ద్రాక్షతో 1774లో అనటోయిల్ వెర్సెల్ అనే రైతు చేసిన వైన్ అది. పదహారో లూయీ గద్దెనెక్కిన ఏడాది. ఆ ధర చూసి లోకం ముక్కున వేలేసుకుంది. నాకు మాత్రం అదే ఏటి వైన్‌కు చెందిన ఇంకో సీసా కథ ఎక్కువ నచ్చింది. 1994లో ఆర్బువా ఊళ్లో 24 మంది నిపుణులు ఆ సీసా మూత తీసి, తలా కాస్త పుచ్చుకుని, పదికి 9.4 మార్కులు వేశారు. రెండు వందల ఇరవై ఏళ్ల నాటి వైన్‌లో వాళ్లకు తగిలిన వాసనలు: అక్రోట్ల వంటి గింజలు, దాల్చినచెక్క, వెనిలా, ఎండుపళ్లు, కూరపొడి.

కూరపొడి అన్న మాట దగ్గర మనం ఆగాలి. ఈ రకం వైన్‌ను పీపాలో పోసి ఆరేళ్ల మూడు నెలలు కదపకుండా ఉంచుతారు. ఆవిరైపోయిన మేరకు మళ్లీ నింపరు. పైన ఈస్టు పల్చని పొరలా కట్టి, గాలి సూటిగా తగలకుండా కాపాడుతుంది. లీటరు పోస్తే చివరికి మిగిలేది 62 సెంటీలీటర్లని లెక్క, అందుకే దాని సీసా కూడా సరిగ్గా అంతే పడుతుంది. ఆ ఏళ్లలో వైన్‌లో సోటలాన్ అనే పదార్థం పుడుతుంది. మన మెంతులకు ఆ వాసన ఇచ్చేదీ అదే సోటలాన్. మాచర్లలో పోపులపెట్టె మూత తీసినా, ఆర్బువాలో ఆ సీసా మూత తీసినా ముక్కును పలకరించేది ఒకే అణువు.

దీని బలం ఎంతటిదంటే, 2005 నుంచి కొన్నేళ్లపాటు న్యూయార్క్ నగరాన్ని అప్పుడప్పుడూ ఒక తియ్యని పాకం వాసన కమ్మేసేది. ఎక్కణ్నుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. 2009లో అధికారులు ఆనవాలు పట్టి చెప్పారు: నది అవతల న్యూజెర్సీలోని ఒక పరిమళాల కర్మాగారంలో మెంతులు ఆడిస్తున్నారట. సోటలాన్ కొంచెంగా ఉంటే పాకంలా, ఎక్కువైతే మెంతిపొడిలా అనిపిస్తుంది. గ్లాసులో దాన్ని గుర్తుపట్టడానికి విదేశీ వైన్ చదువుకునేవాళ్లు చాలా కష్టపడతారు. ఆవకాయ కలిపే ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ చదువు సగం ముందే అబ్బి ఉంటుంది.

నాగార్జునకొండ మీద కొమ్ముపాత్ర

మాచర్ల పక్కన కృష్ణలో మునిగిన లోయలో ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. సాగర్ ఆనకట్ట కోసం లోయ నీట మునిగేలోగా 1954 నుంచి 1960 దాకా అక్కడ పెద్దఎత్తున తవ్వకాలు జరిగాయి. అంతకుముందే, 1920ల చివర్లో, పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ అక్కడ పని మొదలుపెట్టాడు. రాచనగరు ఉన్నచోట దొరికిన శిల్పాల్లో ఒకటి మన దేవతల పోలిక కాదు. గడ్డం, పైన ఆచ్ఛాదన లేని ఒళ్లు, చేతిలో కొమ్ముపాత్ర, పక్కన పీపా. గ్రీకుల మధుదేవుడు డయోనిసస్ అని పండితులు పోల్చారు. అదే లోయలో రోమన్ల బంగారు నాణేలూ దొరికాయి. ఆంధ్రతీరపు సన్నబట్టల పేరు రోమన్ల కాలపు సముద్ర వర్తకుల గ్రంథం పెరిప్లస్‌లో ఉంది. పడమటి తీరపు రేవుల్లో ఇటలీ వైన్‌కు గిరాకీ అని కూడా అదే గ్రంథం చెబుతుంది. పల్నాటి నేలలో వైన్ ఆనవాలు పదిహేడు వందల ఏళ్ల కిందటే రాతికెక్కిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కొండవీడు: పరిమళాల కొలువు, ఫ్రెంచి జెండా

2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డప్పుడు కొండవీడు కోట ఈ జిల్లాలోకే వచ్చింది. 1750ల్లో కొండవీటి సీమ కొద్దికాలం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. 1759లో మచిలీపట్నం ఇంగ్లీషువాళ్ల వశమయ్యాక ఆ కథ ముగిసింది.

నాకు అంతకన్నా ముఖ్యమైన కొండవీడు ఇంకా వెనకటిది. కుమారగిరి రెడ్డి ఏటేటా వసంతోత్సవాలు జరిపించి కర్పూర వసంతరాయలు అన్న బిరుదు పొందాడు. ఆ ఉత్సవాలకు కావలసిన కర్పూరం, కస్తూరి, సంకుమదం వంటివాటిని వర్తకుడు అవచి తిప్పయసెట్టి ఓడల మీద దేశదేశాల నుంచి తెప్పించేవాడని శ్రీనాథుడు హరవిలాసంలో నమోదు చేశాడు. ఏ వాసన ఏ రేవు నుంచి వచ్చిందో చెప్పగలిగిన నాగరికత అది. మంచి వైన్ రుచిచూడటమంటే సగానికి పైగా జరిగే పని ఇదే: వాసనను పట్టుకోవడం, దాని ఊరూ పేరూ చెప్పడం.

ఇప్పుడు ఆ కర్పూరమే ఫ్రాన్స్‌లో ఎక్కడ తేలిందో చూద్దాం.

ఐదు వందల ఏళ్లలో మూడుసార్లు

స్ట్రాస్‌బూర్ నగరంలోని ధర్మాసుపత్రి కింద 1395 నాటి నేలమాళిగ ఉంది. అందులోని ఒక పీపాలో 1472 నాటి తెల్ల వైన్ ఇప్పటికీ ఉంది. పీపాలో నిలవ ఉన్న వైన్‌లలో లోకంలోకెల్లా పాతది ఇదేనని పేరు. ఐదున్నర శతాబ్దాల్లో దాన్ని మనుషులకు వడ్డించింది మూడేసార్లు.

మొదటిసారి 1576లో. జ్యూరిక్ నగరవాసులు పెద్ద కుండలో చిరుధాన్యాల సంకటి వేడివేడిగా వండి పడవకెత్తి, ఒక్క రోజులో నదుల మీదుగా స్ట్రాస్‌బూర్ చేరుకున్నారు. దింపేసరికి సంకటి ఇంకా వెచ్చగానే ఉంది. ఆపద వస్తే ఇంత వేగంగా వచ్చి ఆదుకోగలం సుమా అని చెప్పడం వాళ్ల ఉద్దేశం. ఆ స్నేహానికి బదులుగా ఈ వైన్ పోశారు. రెండోసారి 1718లో, కాలిపోయిన ఆసుపత్రిని మళ్లీ కట్టేందుకు పునాది వేసినప్పుడు. మూడోసారి 1944లో, నాజీల చెర నుంచి నగరాన్ని విడిపించిన జనరల్ లక్లేర్‌కు.

1994లో ప్రయోగశాలలో పరీక్షిస్తే ఆల్కహాలు 9.4 శాతం తేలింది. పులుపు మాత్రం మామూలు వైన్‌ను మించిపోయింది. పరీక్షించినవాళ్లు అంబర్ వన్నెలో మెరుస్తోందని, వాసనలో తేనె, మైనం, వెనిలా, సన్నని మసాలాలు, హేజెల్ గింజలు, కర్పూరం ఉన్నాయని రాశారు. పాత పీపా కారడం మొదలుపెడితే 2015లో కొత్త పీపా చేయించి అందులోకి మార్చారు. వైన్ రికార్డులన్నిటిలో నేను మొదటి పీట వేసేది దీనికే. ఇచ్చిన మూడుసార్లూ ఒక స్నేహానికో, ఒక ఆసుపత్రికో, ఒక విముక్తికో ఇచ్చారు.

తోకచుక్క ఏటి సీసా

1811లో ఆకాశంలో ఒక పెద్ద తోకచుక్క నెలల తరబడి కనబడింది. ఆ ఏడు ఫ్రాన్స్‌లో ద్రాక్ష అద్భుతంగా పండింది. ఆ పంటతో బోర్డో సీమలోని షతో డికెమ్‌లో చేసిన తియ్యని వైట్ వైన్ సీసా ఒకటి 2011లో 75,000 పౌండ్లకు అమ్ముడై, అప్పటికి అత్యంత ఖరీదైన తెల్ల వైన్ సీసాగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. కొన్నాయన క్రిస్టియన్ వానెక్, ఒకప్పుడు పారిస్‌లో పేరుమోసిన లా తూర్ దార్జాన్ భోజనశాలలో వైన్ల పెద్ద. దాన్ని దాచిపెట్టి లాభానికి అమ్ముకోనని, ఒకనాడు ఇంటివాళ్లతో, స్నేహితులతో కలిసి తాగుతానని అప్పుడే చెప్పాడు. ఆ మాట వల్లే ఆ ధర మీద నాకు గౌరవం.

డికెమ్ తోటలో జరిగేది రైతుబిడ్డలు శ్రద్ధగా వినాలి. మిర్చి కల్లంలో కాయమీద బూజు కనబడితే పల్నాటి రైతు గుండె జారుతుంది. ఆముదం గెలలకు బూజు తెగులు పడితే పంట పోయినట్టే. డికెమ్‌లో మాత్రం బొట్రైటిస్ అనే బూజు కోసం ఎదురుచూస్తారు. సిరోన్ అనే చిన్న ఏరు గరోన్ నదిలో కలిసేచోట శరత్కాలపు ఉదయాల్లో మంచు కమ్ముతుంది. మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఆ తేమలో బూజు పండు తొక్కను తూట్లు పొడిస్తే, ఆ ఎండలో లోపలి నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది. కూలీలు తోటలోకి మళ్లీమళ్లీ వెళ్లి, ముదిరిన పళ్లను మాత్రం ఏరి కోస్తారు. ఒక తీగకు ఒక గ్లాసు వైన్ వస్తే గొప్ప. వాతావరణం సహకరించని 1964, 1972, 1974, 1992, 2012 సంవత్సరాల్లో ఆ పేరుతో అసలు వైనే చేయలేదు. పంట అంతా పోయినా పేరు చెడకూడదన్న పట్టుదలకు దండం పెట్టాలి. ముదిరిన ఈ రకం వైన్‌లోనూ మెంతుల సోటలానే పలుకుతుంది.

బర్గండీ సీమలోని మోన్‌రాషే తోట సంగతి చూడండి. తీపి లేని తెల్ల వైన్‌లలో శిఖరమని చాలామంది చెప్పే ఈ తోట మొత్తం విస్తీర్ణం సుమారు 8 హెక్టార్లు, అంటే మన పెద్ద మిర్చి రైతు ఒకరి కమతమంత. దాన్ని పంచుకున్న యజమానులు డజనుకు పైనే.

కళ్లకు గంతలు కడితే

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వర్తకుడు పేర్లు కప్పేసిన సీసాలతో పోటీ పెట్టాడు. మార్కులు లెక్కకు తీసుకున్న తొమ్మిదిమందీ ఫ్రెంచివాళ్లే. పైన చెప్పిన వానెక్ వాళ్లలో ఒకడు. తెల్ల వైన్‌లలో బర్గండీవి నాలుగు, కాలిఫోర్నియావి ఆరు. మొదటి స్థానం కాలిఫోర్నియా షతో మోంటెలీనా 1973కు దక్కింది. మొదటి నాలుగింటిలో ఫ్రెంచిది ఒక్కటే, రెండో స్థానంలో. ఆ రోజు అక్కడ ఉన్న విలేఖరి ఒకే ఒక్కడు, టైమ్ పత్రిక జార్జ్ టేబర్.

2001లో బయటికొచ్చిన ప్రయోగం ఇంకా లోతైంది. బోర్డో విశ్వవిద్యాలయంలో 54 మంది వైన్ విద్యార్థులకు ఒక తెల్ల వైన్ ఇచ్చారు. తరవాత అదే వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. రెండోసారి వాళ్లు రాసినవి ఎక్కువగా ఎర్ర వైన్‌కు వాడే మాటలే. నిపుణులు మోసగాళ్లని దీనికి అర్థం తీయడం అన్యాయం. ముక్కు చెప్పేది మెదడు వినేలోగా కన్ను దూరిపోతుందని అది తేల్చింది. అందుకే నిజంగా రుచి తెలుసుకోవాలనుకునేవాళ్లు కొన్నిసార్లు నల్ల గ్లాసులో పోసుకుంటారు.

సముద్రం దాచినవి, సమాధి దాచినవి

2010లో బాల్టిక్ సముద్రంలో ఆలాండ్ దీవుల దగ్గర, సుమారు 50 మీటర్ల లోతున, మునిగిన ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి. దాదాపు 170 ఏళ్లు చీకట్లో, చలిలో ఉన్నాయి. వాటిలోని ఒక వవ్ క్లికో సీసా 2011లో 30,000 యూరోలకు పోయింది. రుచి చూసినవాళ్లు మొదట చెప్పింది తడిసిన జంతువు బొచ్చు వాసన, జున్ను వాసన. గ్లాసును తిప్పి, గాలి తగలనిచ్చాక కాల్చిన వాసన, పొగ, తోలు, ఆ వెనక పూలు, పళ్లు బయటపడ్డాయి. మొదటి వాసనకే గ్లాసు పక్కనపెట్టి ఉంటే ఆ పూలు ఎవరికీ తెలిసేవి కావు. ఆ షాంపేన్‌లో లీటరుకు దాదాపు 150 గ్రాముల చక్కెర ఉంది. తీపి తక్కువగా ఉండే ఇప్పటి బ్రూట్ రకం షాంపేన్‌లో 12 గ్రాములు మించదు.

స్పెయిన్‌లో కార్మోనా పట్టణపు రోమన్ సమాధిలో 2019లో దొరికిన గాజు పాత్రలో చితాభస్మంతోపాటు ఎర్రటి ద్రవం ఉంది. 2024లో రసాయన పరీక్షలు దాన్ని రెండు వేల ఏళ్ల నాటి తెల్ల వైన్‌గా తేల్చాయి. ద్రవరూపంలో మిగిలిన అన్నిటికన్నా పాత వైన్ ఇదే.

రెంటచింతల ఎండలో

ఆంధ్రదేశంలో ఎండకు పేరుమోసిన ఊరు రెంటచింతల. మేలో 45 డిగ్రీలు దాటడం అక్కడ వార్త కాదు. ఆ ఊరి కానుకమాత చర్చి వంటి కతోలిక ఆలయాల్లో పూజకు వైన్ తప్పనిసరి. అది ద్రాక్షతోనే చేసినదై, చెడిపోనిదై ఉండాలని చర్చి చట్టం 924వ నిబంధన. ఎరుపే కావాలని లేదు. వస్త్రాల మీద మరక పడదని తెల్లది వాడే గురువులూ ఉన్నారు.

మంచి బర్గండీ తెల్ల వైన్‌ను 12 డిగ్రీల దగ్గర తాగాలంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే వాసనలు ముడుచుకునే ఉంటాయి. రెంటచింతల వేసవిలో ఇబ్బంది దానికి తలకిందులు, పది నిమిషాల్లో వెచ్చబడిపోతుంది. కాబట్టి గ్లాసులో రెండు గుక్కలకు మించి పోయకూడదు. సీసాకు తడిగుడ్డ చుడితే ఆ పొడిగాలికి చల్లదనం కాసేపు నిలుస్తుంది. తెల్లగుడ్డ ముందు గ్లాసు వంచి రంగు చూడండి. తిప్పండి. వాసన చూసి, కొంత ఆగి మళ్లీ చూడండి. చిన్న గుక్క తీసుకుని నోట్లో గాలి పీల్చి కదిలిస్తే, ఆవిరి గొంతు వెనకనుంచి ముక్కుకెక్కి మొదట దొరకనివి దొరుకుతాయి.

పక్కన ఏం తినాలన్నది నా సొంత తీర్పు. పల్నాటి మిర్చి కారానికి ఆల్కహాలు ఎక్కువగా ఉండి, తీపి లేని వైన్ పనికిరాదు, మంట పెంచుతుంది. డికెమ్ పండే సోటెర్న్ ప్రాంతపు తియ్యని వైన్ కారాన్ని అణచి, వెనక ఉన్న పండు రుచిని పైకి తెస్తుంది. గోంగూర పచ్చడి విషయంలో పులుపే దారి చూపిస్తుంది. పుల్లటి తిండి పక్కన వైన్ పులుపు మెత్తబడుతుంది కనుక, లువార్ సీమ సోవిన్యో వంటి పుల్లని తెల్ల వైనే దానికి సరిజోడు. పచ్చడిలో మెంతులు కాస్త ఎక్కువ పడితే మాత్రం ఆర్బువా వైపు చూడండి.