అంబాసిడర్‌కు ముంగటి టైరు: సోకు గాదు, కొలత జూడాలె

పాత అంబాసిడర్ కార్లంటే పల్లె పోరగాళ్లకు ఇప్పుడు మస్తు మోజు. ఒకప్పుడు ఎర్రబుగ్గ పెట్టుకొని కలెక్టర్లు, మంత్రులు తిరిగిన బండి అది. ఊర్లెకు ఆ తెల్లకారు వచ్చిందంటే జనం పక్కకు జరిగి నిలవడేటోళ్లు. ఇయ్యాల అదే బండిని కొని పెండ్లిళ్లకు కిరాయికి తిప్పేటోళ్లున్నరు, రీల్సు తీసేటోళ్లున్నరు. పెద్దోళ్ల బండి మనోళ్ల చేతికి రావుడు మంచిదే. గని కొన్న వారం దినాలకే చానామంది ఒక పని జేస్తున్నరు. ముంగటి చక్రాలు పీకేసి వెడల్పు టైర్లు, మెరిసే అల్లాయ్ రిమ్ములు ఎక్కిస్తున్నరు. నాలుగింటికీ పైసలు సరిపోకపోతే ముంగటి రెండు మార్చి, ఎనుకటియి తర్వాత జూద్దమంటున్నరు.

ఇది సోకు ముచ్చట అనుకుంటరు గని, పానం ముచ్చట. కారు మలిగేది ముంగటి చక్రాలతోని. బ్రేకు తొక్కినప్పుడు బరువు పడేది కూడ వాటి మీదనే. ఆ టైరు సైజు ఎట్ల ఎంచుకోవాలె, షాపుకు పోకముందే ఏమేం కొలవాలె అన్నది తెలుసుకుందాం.

టైరు మీది అంకెలు ఏం జెప్తయి

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండ్‌ల తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు. హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ 1950ల చివర బెంగాల్‌ల ఉత్తరపారా ఫ్యాక్టరీల తయారీ షురూ జేసి, 2014ల బంద్ జేసింది. ఈ బండికి ఎన్కటి నుంచి ఉన్న టైరు సైజు 5.90-15. అంటే టైరు వెడల్పు 5.90 ఇంచులు, రిమ్ము 15 ఇంచులు. మనోళ్లు నైలాన్ టైరు అంటరే, ఆ రకం. సన్నగ, ఎత్తుగ ఉంటది. నేల నుంచి మీది అంచు దాక కొలిస్తే సుమారు 660 మిల్లీమీటర్లు వస్తది.

ఇప్పటి రేడియల్ టైర్ల మీద వేరే తీరుగ రాస్తరు. ఉదాహరణకు 185/65 R15 88H అనుకోండ్రి. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లల్ల. 65 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పుల 65 శాతం అని. R అంటే రేడియల్. 15 రిమ్ము ఇంచులు. 88 అన్నది ఒక్క టైరు మోసే బరువుకు గుర్తు, దాని లెక్క 560 కిలోలు. H అన్నది వేగానికి గుర్తు.

ఇప్పుడు లెక్క గడదాం. 185ల 65 శాతమంటే 120. మీద, కింద రెండు పక్కగోడలు కలిపితే 240. దానికి 15 ఇంచుల రిమ్ము, అంటే 381 కలిపితే మొత్తం 621 మిల్లీమీటర్లు. పాత టైరు 660. అంటే కొత్త టైరు దాదాపు 4 సెంటీమీటర్లు పొట్టిది. కారు మూతి 2 సెంటీమీటర్లు కిందికి దిగుతది. మన ఊరి తొవ్వల గుంతలకు, స్పీడు బ్రేకర్లకు ఆ 2 సెంటీమీటర్లే ఎక్కువ. పక్కగోడ పొట్టిదైతే గుంతల దెబ్బ సీదా రిమ్ముకే తగులుతది.

అదే 165/80 R15 జూడుండ్రి. 165ల 80 శాతం 132, రెండు కలిపితే 264, రిమ్ముతోని 645. పాతదానికి దగ్గరగున్నది. వెడల్పు కూడ మరీ ఎక్కువ లేదు. రేడియల్‌కు మారాలనుకుంటే ఎతుకాల్సింది ఇసొంటి సైజు. షాపుల దొరకుడు కష్టం, తెప్పించుకోవాలె. షాపాయన తన దగ్గర స్టాకున్నదే "ఇది సూపర్ సెట్ అయితది అన్నా" అంటడు. ఆయన బేరం ఆయనది, బండి నడిపేది మీరు.

ఇంకొక మాట. అంబాసిడర్‌ల స్పీడు మీటరు గేరుబాక్సు నుంచి నడుస్తది, గేరుబాక్సు తిప్పేది ఎనుక చక్రాలను. ముంగటియి మారిస్తే మీటరు మారదు. ఎనుక కూడ 621 ఎత్తువి ఎక్కిస్తే మాత్రం మీటరు 60 చూపించినప్పుడు బండి నిజంగ 56, 57 మీదనే ఉంటది.

కొనేముందు కొలవాల్సినయి

ముందుగాల రిమ్ము వెడల్పు. ఎన్కటి రిమ్ములు సన్నటియి. 185/65 R15 టైరుకు కనీసం 5 ఇంచుల వెడల్పు రిమ్ము కావాలె. సన్న రిమ్ము మీద ఎక్కిస్తే టైరు గుమ్మడికాయ లెక్క ఉబ్బి, నడుమ అరుగుతది, మలుపుల ఊగుతది. అంతేగాదు, పాత రిమ్ములు ట్యూబు టైర్ల కోసం జేసినయి. వాటి మీద ట్యూబ్‌లెస్ టైరును ట్యూబు లేకుండ నడపొద్దు.

రెండోది, చక్రం ఎంత బయటికొస్తదన్నది. దీన్ని ఆఫ్‌సెట్ అంటరు. నీళ్ల బిందె నడుముకు ఆనిచ్చి పట్టుకుంటే మైలు దూరమైనా నడుస్తం. అదే బిందె చెయ్యి చాపి పట్టుకుంటే పది అడుగులు గూడ ఎయ్యలేం. చక్రం బయటికి జరిగితే బేరింగులకు, బుష్షులకు, స్టీరింగ్ జాయింట్లకు పడే బాధ గదే. చానా అంబాసిడర్లకు పవర్ స్టీరింగ్ లేదు. వెడల్పు టైరు, బయటికొచ్చిన రిమ్ము రెండూ కలిస్తే బండి మలపనీకి భుజాలు గుంజుతయి. గుంతల పడ్డప్పుడు స్టీరింగ్ చేతులనుంచి జారిపోతది.

మూడోది, మడ్‌గార్డు సందు. స్టీరింగ్ పూరాగ ఎడమకు, పూరాగ కుడికి తిప్పి చూడాలె. ఖాళీ బండితోని జూస్తే సరిపోదు. ఐదుగురు కూసుండి, డిక్కీల సామానున్నప్పుడు, గుంతల పడి చక్రం మీదికొచ్చినప్పుడు గూడ టైరు దేనికీ రాసుకోవద్దు. బ్రేకు పైపుకు రాసుకున్నదనుకోండ్రి, ఒకనాడు బ్రేకు ఆయిల్ అంత కారిపోతది.

నాలుగోది బరువు. కొత్త టైరు మీద 82 అని ఉంటే అది 475 కిలోలు మోస్తది. పెండ్లి కారుల ఎంతమంది ఎక్కుతరో మీకే ఎరుక. బండికి కంపెనీ చెప్పిన బరువు కంటే తక్కువ మోసే టైరు ఎంత చౌకకు వచ్చినా కొనొద్దు.

కలపకూడనియి

ఒక పక్క నైలాన్, ఒక పక్క రేడియల్ ఎన్నడూ పెట్టొద్దు. బ్రేకు తొక్కితే బండి ఒక దిక్కు గుంజుతది. ముంగట రేడియల్, ఎనుక నైలాన్ పెట్టుడు ఇంకా ప్రమాదం. ముంగటి టైర్లు రోడ్డును గట్టిగ పట్టుకుంటయి, ఎనుకటియి పట్టుకోలేవు. వాన తొవ్వల మలుపు తిప్పితే ఎనుక భాగం జారి బండి అడ్డం తిరుగుతది. ముంగటి రెండే మారుస్తమనే తమ్ముళ్లు చేస్తున్నది సరిగ్గ గదే. పైసలు రెండు టైర్లకే ఉంటే, రేడియల్‌లు ఎనుకకు వెయ్యాలె, ముంగట మంచి నైలాన్ ఉంచాలె. నాలుగూ ఒక్కటే రకం అయితే అన్నిటికంటే మేలు.

బటన్ అరిగితే మళ్లా రబ్బరు ఎక్కించిన టైర్లను ముంగట వాడొద్దు. ఇంట్ల పడున్న టైరు కొత్తగ కనిపించినా తారీకు జూడాలె. పక్కగోడ మీద నాలుగు అంకెలుంటయి. 2319 అంటే 2019ల 23వ వారం తయారైనదని. ఏండ్లకేండ్లు పడున్న రబ్బరు గట్టిపడి పగుళ్లు తేలుతది. కారు టైరు బటన్ లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే రోడ్డు మీదికి తేవుడే చట్టం ప్రకారం తప్పు.

చట్టం ఊసు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన కొలతలను ఇష్టమొచ్చినట్టు మార్చనీకి లేదు. 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ ఇదే మాట తేల్చిచెప్పింది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకు అయిపోతది, ఆ తర్వాత ప్రతి ఐదేండ్లకు బండి చూపించి రెన్యువల్ చేసుకోవాలె. టైర్లు బయటికి పొడుసుకొచ్చిన బండిని ఆడ ఆపితే నష్టపోయేది బండి ఓనరే. యాక్సిడెంట్ అయితే బీమా కంపెనీకి గూడ పేచీ పెట్టనీకి సందు దొరుకుతది. 50 ఏండ్లు దాటిన బండిని 2021ల వచ్చిన రూల్స్ కింద వింటేజ్‌గ రిజిస్టర్ చేసుకోవాలంటే అసలు రూపు చెడగొట్టకుండ ఉండాలె. అట్ల చేసుకున్న బండిని కిరాయికి తిప్పనీకి లేదని గూడ యాదుంచుకోవాలె.

పైసలు పెట్టే వరుస గిట్ల ఉండాలె: ముందు బ్రేకులు, తర్వాత ముంగటి బేరింగులు, స్టీరింగ్ జాయింట్లు, తర్వాత సరైన సైజు టైర్లు, ఆ వెంటనే అలైన్‌మెంట్. రిమ్ముల మెరుపు ఆఖరుకు. షాపుకు పోయేటప్పుడు కాయితం మీద నాలుగు అంకెలు రాసుకొని పోండ్రి: రిమ్ము వెడల్పు, పాత టైరు ఎత్తు, మడ్‌గార్డు సందు, మోయాల్సిన బరువు. షాపాయన ఏ టైరు చూపించినా ఆ నాలుగింటికీ సరిపోతదా అని అడుగుండ్రి. పెండ్లిపిల్లను, పిల్లగాన్ని ఎక్కించుకొని పోయే బండి అది. వాళ్లను ఇంటికి క్షేమంగ చేర్చాలె.