నల్లమల పులుల రక్షకులు – నిధుల సమీకరణ

నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో బేస్ క్యాంపులలో ఉండి నిత్యం గస్తీ తిరిగే వారిలో చెంచులు ప్రముఖంగా కనిపిస్తారు. పాదముద్రను బట్టి పులి సాగిన దిక్కును, పొదల మాటున పన్నిన ఉచ్చును పసిగట్టే నేర్పు వారికి తరతరాలుగా అబ్బినది. ఇంతటి నేర్పరులలో అనేకులు శాశ్వతోద్యోగులు కారు.

1973లో ప్రారంభమైన ప్రాజెక్ట్ టైగర్‌లో ఏటేటా చేయవలసిన ఖర్చును నేడు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చెరిసగం భరిస్తాయి. ఏ ఒక్క వాటా ఆలస్యమైనా ముందుగా ఇబ్బంది పడేది దినవేతనంపై ఆధారపడినవాడే. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణ ద్వారా వచ్చిన 38-ఎక్స్ సెక్షన్ ప్రాధాన్యం ఇక్కడే తెలుస్తుంది. దీని ప్రకారం రాష్ట్రం పులుల అభయారణ్యాలకు ఫౌండేషన్‌ను ఏర్పరచాలి. సందర్శకుల ప్రవేశ రుసుమును తిరిగి ఆ అడవికే వినియోగించడం, ఇతరుల నుండి ఆర్థిక సహాయం కోరడం దాని లక్ష్యాలలో ఉన్నాయి.

దాతలు సాధారణంగా జీపో కెమెరాయో ఇవ్వడానికి మొగ్గు చూపుతారు. వాటిపై పేరు రాయించుకోవచ్చు గదా! గస్తీ మాత్రం నెలనెలా సాగే పని. బియ్యం, బూట్లు, మందులు, బీమా, అన్నిటినీ మించి వేతనం – వీటికి ఒకసారి వచ్చే పెద్ద మొత్తం కన్నా ఏటా తప్పక వచ్చే చిన్న విరాళమే ఎక్కువగా అక్కరకు వస్తుంది. కనుక విరాళాలు కోరే ప్రకటనలలో వేతనాల పద్దును విడిగా చూపడం అవసరం.