కృత్రిమ టర్ఫ్

ప్లాస్టిక్ పోచల చాపను పరిచి, పోచల మధ్య ఇసుక, రబ్బరు గుళికలు నింపిన ఆటస్థలమే కృత్రిమ టర్ఫ్. 1966లో అమెరికాలోని హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో, కప్పు కింద గడ్డి బతకక, బేస్‌బాల్ కోసం వేసిన చాపతో దీనికి పేరొచ్చింది. 2015 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను కెనడాలో పూర్తిగా దీనిపైనే ఆడించారు. క్రీడాకారిణులు గట్టిగా అభ్యంతరం చెప్పారు.

ఇక మన రాయలసీమకొస్తే, కొత్తచెరువు, ధర్మవరం, పెనుకొండ వైపు ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. నీళ్లు అక్కర్లేని మైదానం ఇక్కడ సహజంగానే ఆకర్షిస్తుంది. రోజంతా ఆడినా త్వరగా అరగదు, వాన వెలిసిన వెంటనే ఆడొచ్చు. అయితే మండుటెండలో ప్లాస్టిక్ 60 డిగ్రీలు దాటి కాలుతుంది. చల్లబరచాలంటే నీళ్లే చల్లాలి, అదీ కాసేపే. జారిపడితే చర్మం దోక్కుపోతుంది. ఎనిమిది పదేళ్లకు చాప మార్చాలి. పాతదాన్ని పారేసే చోటు వెతకాలి. గుళికలు మట్టిలో, నీటిలో కలుస్తాయని యూరోపియన్ యూనియన్ 2023లో వాటి అమ్మకంపై నిషేధం తెచ్చింది. అది 2031 నుంచి అమలవుతుంది.

వేడి దేశాల స్టేడియాల్లో పెంచే బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయకుడికి పెట్టే మన గరికే. కరవుకు ఓర్చుకుంటుంది, తొక్కినా మళ్లీ చిగురిస్తుంది. కానీ కోత, ఎరువు, బోరు నీరు, మధ్యమధ్య విశ్రాంతి తప్పవు. ఈ కరవు సీమలోనే, అనంతపురం ఆర్‌డీటీ స్టేడియం పచ్చికపై 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. పగటిపూట పిల్లలు ఆడే బడి మైదానానికి గరికే మేలు. రాత్రి దీపాల కింద గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న కోర్టులకు టర్ఫ్ సరిపోతుంది.